60 రోజులు ఓపిక పడితే బగ్గే ఉండదు

బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్లి పీజీల్లో, పగలు ఉద్యోగం చేసి రాత్రిళ్లు ఓపెన్ సోర్స్ లైబ్రరీలు (ఎవరైనా తీసి వాడుకునే కోడ్ మూటలు) నడిపే మన కుర్రాళ్లకు ఇష్యూల, అంటే వాడేవాళ్లు రాసిపెట్టే ఫిర్యాదుల, బెడద ఎక్కువైందని వినికిడి. బెంగ వద్దు. బగ్గు బాగుచేయాలంటే శని, ఆదివారాలు పోతాయి. బగ్గుందన్నవాణ్ణి బాగుచేయడానికి ఆ కోడ్ ఉండే గిట్‌హబ్‌ సైటులో బటన్లు సిద్ధంగా ఉన్నాయి.

ముందు స్టేల్ బాట్ పెట్టండి, అంటే పాతబడ్డ ఇష్యూలను తనంతట తానే మూసే ప్రోగ్రాము. డిఫాల్టు లెక్కలో 60 రోజులు ఉలుకూ పలుకూ లేని ఇష్యూకి 'స్టేల్' ముద్ర, ఆపై 7 రోజులకు మూత. మీరు పడాల్సిన శ్రమల్లా జవాబివ్వకపోవడమే. 66వ రోజున ఎవడో మొండివాడు 'ఇంకా అలాగే ఉంది' అని రాస్తే ముద్ర చెరిగి లెక్క మొదటికొస్తుంది. రానివ్వండి. పింఛనుదారు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాడు, ఈ బగ్గు రెండు నెలలకోసారి ఇచ్చుకోవాలి. ఎన్నాళ్లిస్తుంది?

అయినా బతికి బట్టకట్టిన ఇష్యూకి, ఇక కామెంట్లు పడకుండా, తాళం వేయండి. తాళానికి చూపే కారణాల్లో 'టూ హీటెడ్' శ్రేష్ఠం, వేడి ఎవరు పుట్టించారో అది అడగదు. తాళం పడ్డాక కూడా రైట్ యాక్సెస్ (కోడ్ మార్చే హక్కు) ఉన్నవాళ్లు రాయొచ్చు గనక చివరిమాట తీరిగ్గా మీరే అనొచ్చు. కొందరు ఆవేశపడి కామెంటే డిలీట్ చేస్తారు. అది పసితనం. డిలీటైన గుర్తు అక్కడే అందరికీ కనిపిస్తుంది, పైగా ఆ కామెంట్ అప్పటికే ఈమెయిల్లో ఊరంతా చేరిపోయి ఉంటుంది.

గుంపుగా వచ్చిపడితే ఇంటరాక్షన్ లిమిట్స్ (ఎవరు రాయొచ్చో కట్టడి) పెట్టొచ్చు, 24 గంటల నుంచి 6 నెలల దాకా. 'ప్రయర్ కంట్రిబ్యూటర్స్' ఎంచుకుంటే ఇదివరకు అందులో కోడ్ రాసినవాళ్లకే నోరుంటుంది. ఆంధ్రా మెస్‌లో పప్పులో ఉప్పు లేదని వంటవాడు తప్ప ఎవరూ అనకూడదన్నమాట.

ఫిర్యాదీ తెలుగువాడైతే పని మరీ తేలిక. 'మీరెందుకు బాగుచేయట్లేదండీ' అని మనసులో మర్యాదగానే అనుకుని, 'వై యు పీపుల్ నాట్ ఫిక్సింగ్' అని రాస్తాడు. ఇక్కడ బయల్దేరిన గౌరవం అక్కడ దిగేసరికి దండయాత్ర. ఇక వాడు పంపిన స్టాక్ ట్రేస్ (కోడ్ ఎక్కడ చెడిందో చూపే జాబితా) చదవనక్కర్లేదు, ప్రవర్తనా నియమావళి లింకు అంటిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. నియమాలు పెద్దలకూ వర్తిస్తాయని నమ్మేవాళ్లను మోడరేటర్లుగా పెట్టుకోకండి. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మోడరేషన్ బృందం, ఆ ప్రాజెక్టు పెద్దలైన కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాకుండా పోయిందంటూ మూకుమ్మడిగా రాజీనామా చేసింది.

ఇంతా చేశాక ఆ మొండివాడు ఫోర్క్ (మీ కోడ్‌కు సొంత నకలు) చేసుకుపోయి బగ్గు తనే సరిచేసుకుంటే? చేసుకోనివ్వండి. ఫోర్క్‌లో ఇష్యూల ట్యాబ్ మొదట మూసే ఉంటుంది. అది తెరవమని వాడి దగ్గర జనం గొడవ మొదలుపెట్టిన రోజున, మీ స్టేల్ బాట్ సెట్టింగుల ఫైలు వాడికి పంపండి.