విందు లోపల, పొయ్యి బయట

విజయవాడలోనో గుంటూరులోనో ఏదైనా పాత భవనంలో ఫంక్షన్ చేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే చాలు, జనం రెండు వర్గాలైపోతారు. తాళం వేసి ఉంచండి, జనం వస్తే పాడవుతుంది అనేవాళ్లు ఒక వైపు. ఊరికే పడి ఉండే బదులు అద్దెకిస్తే నాలుగు డబ్బులొస్తాయి కదా అనేవాళ్లు ఇంకో వైపు. మాది క్యాటరింగ్ కుటుంబం. గుండిగలు, గరిటెల మధ్య పెరిగాను. ఇప్పుడు ఆర్డర్లు, లెక్కలు, మనుషుల్ని కుదర్చడం అన్నీ నేనే చూసుకుంటాను. రెండు వర్గాల మాటలూ విని విని విసుగొచ్చి ఇది రాస్తున్నాను. ఆ భవనాల్లో విందులు జరగాలి, తప్పకుండా జరగాలి. కానీ ఆ గోడల లోపల పొయ్యి మాత్రం వెలగకూడదు.

ఎందుకు జరగాలో ముందు చెప్తాను. మన ఊళ్లలో పాత హాళ్లు రాజులు కట్టుకున్న కోటలు కావు. ఎక్కువ భాగం జనం చందాలతోనో, జనం పేరు చెప్పి ప్రభుత్వమో కట్టినవి. పదిమంది ఒకచోట కూడటానికే కట్టారు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ఉద్యమం తొలి మహాసభ జరిగింది బెజవాడలోనే. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగిందీ, పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీ చేతిలో పెట్టిందీ ఈ ఊళ్లోనే. అన్ని ఊళ్ల నుంచి వచ్చిన ఆ జనం భోజనం చేయకుండా వెళ్లారనుకుంటున్నారా? సభ ఉన్నచోట వంట ఉంది, బంతి ఉంది. మన సంప్రదాయంలో నలుగురూ కూర్చున్న చోట విస్తరి వేయడం ఆ చోటికి అవమానం కాదు, గౌరవం.

తాళం వేసిన భవనం భద్రంగా ఉంటుందనేది ఉత్త భ్రమ. పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలుస్తుంది. పైకి ఎక్కి చూసేవాళ్లు లేకపోతే రెండేళ్లలో దాని వేరు ఇటుకల మధ్యకి దిగిపోతుంది. తూము పూడుకుపోయి వాన నీళ్లు కప్పు మీదే నిలబడతాయి. దూలానికి చెద పట్టిన సంగతి అది వంగేదాకా ఎవరికీ తెలియదు. అదే హాల్లో నెలకు రెండు ఫంక్షన్లు జరిగితే, కుర్చీలు వేసే కుర్రాడైనా పైకి చూసి ఇక్కడ కారుతోందండీ అని చెప్తాడు.

ఇంకో కారణం కూడా ఉంది. 2014 తర్వాత ఈ చుట్టుపక్కల కన్వెన్షన్ హాళ్లు ఎలా పెరిగాయో అందరూ చూశారు. వాటి అద్దె వింటే మామూలు ఉద్యోగికి నోట మాట రాదు. తండ్రి షష్టిపూర్తి చేయాలనుకునే టీచరు, మనవరాలి బారసాల చేయాలనుకునే రిటైరైన గుమస్తా, తన పుస్తకం ఆవిష్కరణకు వంద మందిని పిలిచి టిఫిన్ పెట్టాలనుకునే రచయిత ఎక్కడికి పోవాలి? ఊరి నడుమ, బస్సు దిగి నడిచొచ్చేంత దూరంలో, ఎత్తైన కప్పుతో, గాలి ఆడే పాత హాలు వీళ్లదే. దాన్ని వీళ్లకి దూరం చేసి ఏం కాపాడుతున్నట్టు?

ఇక పొయ్యి దగ్గరికి వస్తాను. ఆ మధ్య మన జిల్లాలోనే ఒక పాత భవనంలో ఫంక్షన్‌కి నేను అతిథిగా వెళ్లాను. భోజనాల కాంట్రాక్టు మాది కాదు. వెనక వరండాలో మంగళూరు పెంకుల కప్పు కింద, టేకు వాసాలకు చేతికందేంత దూరంలో బాణలి పెట్టి గారెలు వేస్తున్నారు. పక్కనే దోశల కౌంటర్. కమర్షియల్ సిలిండర్లు మెట్ల దారిలో వరసగా నిలబెట్టారు. ఒక్కోదానిలో 19 కిలోల గ్యాస్. లోపలున్న వాళ్లంతా బయటికి రావాల్సింది ఆ మెట్ల మీదుగానే. హాలు తలుపులేమో లోపలికి తెరుచుకునేవి. డెకరేషన్ కుర్రాడు పూల ఫ్రేమ్ కోసం గోడకు మేకు కొడుతుంటే సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. వద్దు బాబూ అంటే, "ఒక్క మేకేగా మేడమ్, పూలు పెట్టేస్తే కనపడదు" అన్నాడు. వాచ్‌మన్ని అడిగితే, "పెద్దవాళ్ల ఫంక్షన్ అమ్మా, నేనేం చెప్పగలను" అన్నాడు. ఆ పూట అన్నం గొంతు దిగలేదు నాకు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ గోడ సిమెంటు గోడ కాదనీ, సున్నపు గచ్చు మెత్తగా ఉంటుందనీ, గాలినీ తేమనీ పీల్చి వదులుతూ బతుకుతుందనీ చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు. దానికి మేకు దిగితే చిల్లు ఒక్కటే పడదు, చుట్టూ ఉన్న గచ్చు కూడా గోడను వదిలేస్తుంది. తర్వాత ఎవరో వచ్చి ఆ చిల్లును సిమెంటుతో పూడ్చి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తారు. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి ఈసారి గోడే ఉబ్బుతుంది.

పొగ, ఆవిరి, నూనె సంగతి మా వంటవాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మూడు గంటలు బాణలి కాగితే ఆ నూనె ఆవిరి ఎక్కడికి పోతుంది? పైకే. వాసాలకు, పెంకులకు జిడ్డుగా అంటుకుంటుంది. ఒక్కో ఫంక్షన్‌కీ ఒక్కో పొర. వందేళ్ల ఎండిన టేకుకి నూనె పూసి ఉంచినట్టే కదా అది! ఏదో ఒక రోజు బాణలి మంట ఎగిస్తే ఇంకేం మిగులుతుంది? మద్రాసు టెర్రస్ కప్పయినా అంతే. టేకు దూలాల మీద ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చిన కప్పు అది. దూలం కాలితే పైనున్న బరువంతా కిందికే వస్తుంది. గ్యాస్ లీకయితే గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పాకుతూ, పల్లంగా ఉన్న చోటుకి, కాలవలోకి, మెట్ల కిందికి చేరి కూర్చుంటుంది. వాసన తగిలేలోపే ఎవరో బఫే గిన్నెల కింద జెల్ డబ్బా వెలిగిస్తారు.

నేల గురించి ఎవరూ పట్టించుకోరు, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. మన పాత భవనాల్లో పరిచిన కడప బండలు, బేతంచెర్ల రాళ్లు సున్నపురాయి జాతివి. పులుపు వాటికి పడదు. సాంబారు, చింతపండు రసం, నిమ్మకాయ నీళ్లు ఒలికి అలాగే వదిలేస్తే నునుపు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. అది మురికి కాదు, ఎంత తోమినా పోదు. రాయినే పులుపు తినేసింది మరి. పైగా ఆ మచ్చ పోవాలని పొద్దున్నే యాసిడ్ పోసి కడుగుతారు! ఉన్న కాస్త నునుపూ దాంతో పోతుంది. పసుపు కలిసిన నూనె పడితే రాయి పీల్చేసుకుంటుంది. మామూలు నీళ్లు, తక్కువ ఘాటున్న సబ్బు, ఒలికిన వెంటనే తుడిచే ఒక మనిషి, బఫే బల్లల కింద మందపాటి చాప. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఈ ఖర్చు మేం భరించగలం.

కరెంటు కూడా ఇలాంటిదే. పాత హాలు వైరింగ్ నాలుగు ఫ్యాన్లకీ పది లైట్లకీ వేసింది. దాని మీద డీజే, ఎల్‌ఈడీ తెర, కాఫీ మిషన్, ఫుడ్ వార్మర్లు, ఫోకస్ లైట్లు. వీటన్నిటికీ బయట జెనరేటర్ పెట్టి విడిగా లైన్ లాగాల్సిందే. 1992 నవంబరులో ఇంగ్లండులో విండ్సర్ కోట అంటుకున్నది ఒక స్పాట్‌లైట్ వేడి తెరకు తగిలి. రాణి గారి ఇల్లు, అన్ని వసతులూ ఉన్న చోటు, అయినా పెద్ద పెద్ద గదులు కాలిపోయాయి. స్టేజీ తెరలకు ఫోకస్ లైట్లు ఆనించి కట్టే మన డెకరేటర్లందరికీ ఈ సంగతి చెప్పాలి.

సరే, వంట బయటైతే విందు ఎలా? మా బాబాయి మొదటి ప్రశ్న అదే. "వేడి గారె లేకుండా అదేం భోజనమే అమ్మాయ్, జనం మనల్ని తిట్టిపోస్తారు" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. పూరీ, బజ్జీ, దోశ దూరం నుంచి వస్తే చచ్చుబడిపోతాయి. కానీ మన వంటల్లో ఎన్ని ప్రయాణానికి తట్టుకుంటాయో చూడండి. పులిహోర వండిన రెండు గంటలకే రుచి పట్టేది. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ముద్దపప్పు, గోంగూర, ఉలవచారు, చక్రపొంగలి, బొబ్బట్లు అన్నీ మూత బిగువుగా ఉన్న హాట్ బాక్సుల్లో సుఖంగా వస్తాయి. వేడి 60 డిగ్రీలకు పైన ఉంచితే అన్నం, కూర రెండూ భద్రం. పెరుగన్నం మాత్రం బెజవాడ ఎండల్లో ముందే కలిపి తేకూడదు. చల్లటి పెరుగు విడిగా తెచ్చి అక్కడే కలపాలి. గారెలు కావాలంటే ఆవడలు పెట్టండి, అందరూ రెండేసి అడుగుతారు. మరీ దోశే కావాలనుకుంటే ఆవరణ చివర, భవనానికి బాగా ఎడంగా, ఆకాశం కింద రేకు పరిచి పెట్టుకోవచ్చు. బాబాయి ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా వెజ్ మెనూ ఒకటి ఇలా రాసి ఇచ్చాడు, మసాలా వడ ఒక్కటి కొట్టేసి.

అన్నిచోట్లా ఇది కుదరదని కూడా చెప్పాలి. ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1959 నాటి నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో రాతపూర్వక అనుమతి లేకుండా సమావేశం కానీ, విందు కానీ పెట్టకూడదు. అనుమతించిన చోట తప్ప వండకూడదు, తినకూడదు కూడా. అది సరైన నియమం. నేను దాన్ని సడలించమని అడగను. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. 1887లో విక్టోరియా జూబిలీ పేరు మీద మొదలైన భవనం అది. విగ్రహాలున్న గదుల్లోకి ఒక్క టీ కప్పు కూడా పోకూడదని నా అభిప్రాయం. అమరావతి శిల్పాలు చెక్కిన పల్నాడు రాయి కూడా సున్నపురాయే. దాని పక్కన నిమ్మరసం గ్లాసు పట్టుకుని సెల్ఫీ దిగే అవకాశమే ఎవరికీ ఇవ్వకూడదు.

నా బాధంతా వీటి గురించి కాదు. ఏ శాఖ జాబితాలోనూ లేని భవనాల గురించి. పాత గ్రంథాలయాల హాళ్లు, సమాజ మందిరాలు, విజయవాడ వన్‌టౌన్‌లో సావిళ్లున్న పెద్ద ఇళ్లు, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో మిగిలిన పాత మేడలు. వాటికి పురావస్తు చట్టం రక్షణ లేదు. ఉన్నదల్లా ఒక కమిటీ, ఒక వాచ్‌మన్, ఒక రసీదు పుస్తకం. ఆ రసీదు మీద అద్దె, కరెంటు, క్లీనింగ్ అని మూడు గడులుంటాయి. భవనం గురించి ఒక్క మాట ఉండదు. గుంటూరులో 1885 నుంచి నడుస్తున్న ఏసీ కాలేజీ లాంటి చోట్ల పిల్లలూ, పాఠాలూ ఉన్నాయి కాబట్టి ఎవరో ఒకరి కన్ను ఉంటుంది. ఈ చిన్న హాళ్లకు ఆ కన్ను కూడా లేదు.

అద్దె డబ్బు ఎక్కడికి పోతుందో కూడా అడగాలి మనం. వచ్చిన అద్దె పెద్ద ఖాతాలో కలిసిపోతే ఆ భవనం కప్పుకు సున్నం ఎప్పుడు పడుతుంది? విండ్సర్ కాలిపోయాక వాళ్లేం చేశారో చూడండి. 1993 నుంచి బకింగ్‌హామ్ రాజభవనం తలుపులు టిక్కెట్టు మీద జనానికి తెరిచారు. మరమ్మతుల ఖర్చులో చాలా భాగం ఆ డబ్బే. 1997కల్లా పని పూర్తయింది. మన హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌ను బాగు చేసిన తీరుకు 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈరోజు అక్కడ వేడుకలూ జరుగుతున్నాయి, మ్యూజియమూ నడుస్తోంది. మనవి అంత పెద్దవి కావు, అంత డబ్బూ అక్కర్లేదు. ఏ హాలు అద్దె ఆ హాలు పేరు మీద విడి ఖాతాలో పడాలి. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనేది గుమ్మం పక్కన బోర్డు మీద రాయాలి. ఈ గోడ సున్నం ఫలానా నెల ఫంక్షన్ల అద్దెతో వేశామని రాసుంటే, అక్కడ మేకు కొట్టే చేయి ఆగుతుందని నా నమ్మకం.

క్యాటరింగ్ తోటివాళ్లకు కూడా ఒక మాట. కమిటీ ఏమీ అనలేదు కదా అని వరండాలో పొయ్యి పెట్టే పని మనమే మానేద్దాం. పార్టీ వాళ్లు పట్టుబడితే మెనూ మార్చి ఒప్పించగలిగేది మనమే. మన మాట వాళ్లు వింటారు. ఒక ముసలి భవనం కాలిపోతే రేపు పేపర్లో మొదట వచ్చేది "వంటగది నుంచి మంటలు" అనే. ఆ తర్వాత ఊళ్లో ఉన్న పాత హాళ్లన్నిటికీ తాళాలు పడతాయి, ఆ టీచరూ గుమస్తా రోడ్డున పడతారు.

ఇక కమిటీ పెద్దలకు, కార్పొరేషన్ అధికారులకు నేను అడిగేది ఒక పేజీ కాగితం. పొయ్యి ఎంత దూరంలో ఉండాలి, సిలిండరు భవనం దగ్గరికి రాకూడదు, గోడకు మేకు లేదు, స్టాండు మీదే డెకరేషన్, జెనరేటర్ బయట, హాలు ఒకేసారి ఎంతమందిని పట్టగలదో అంతకు మించి కార్డులు పంచకూడదు, ముందూ తర్వాతా ఫోటోలు తీసి డిపాజిట్ వెనక్కివ్వాలి. దాని కింద ఫంక్షన్ వాళ్లూ, క్యాటరరూ, డెకరేటరూ ముగ్గురూ సంతకం పెట్టాలి. మా వైపు నుంచి ముసాయిదా రాసి పెట్టాను. ఏ హాలు వాళ్లయినా అడిగితే తెచ్చి ఇస్తాను, మార్పులు చెప్తే మారుస్తాను. మాఘమాసం ముహూర్తాలకు బుకింగులు అప్పుడే మొదలయ్యాయి. ఈ లోపే ఏదో ఒక్క హాలైనా దీన్ని అమలు పెడితే, ఆ హాల్లో మొదటి ఫంక్షన్‌కి హాట్ బాక్సులు, నేల మీద పరిచే చాపలు మా ఖర్చు మీదే పంపిస్తాం.