పాత కారు మీద పెద్దల భయంలో సగం నిజమే

ఇంట్లో పిల్లలు 1960ల నాటి కారు కొంటామనగానే అమ్మానాన్నలు వద్దంటారు. వెంటనే పిల్లలు చెప్పే జవాబు ఒకటుంది: "నాన్నా, అప్పటి కార్లు గట్టి ఇనుము, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు." ఈ మాట తప్పు. ఇలా మొదలుపెట్టిన వాదన ఓడిపోతుంది, ఓడిపోవాలి కూడా.

అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2009లో ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ 2009 షెవర్లే మాలిబూనూ గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. పాత కారులో డ్రైవరు కూర్చునే చోటు నలిగిపోయింది. కొత్త కారులో ఆ చోటు దాదాపు అలాగే నిలిచింది. ఆ వీడియో పెద్దలు చూడకపోతే మీరే చూపించండి. కారు ముందు భాగం నలుగుతూ దెబ్బను తాను తీసుకోవాలి, మనిషి కూర్చున్న చోటు మాత్రం నలగకూడదు. ఆనాటి చాలా కార్లను ఆ లెక్కతో కట్టలేదు.

అయితే పెద్దల భయంలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. గుద్దుకుంటే ఏమవుతుందన్నది ఒకటి. దాన్ని మనం కొంతవరకే మార్చగలం. దారి మధ్యలో బ్రేకు పోతేనో, చక్రం ఊడితేనో, మంట లేస్తేనో ఏమిటన్నది రెండోది. దీన్ని చాలావరకు మనమే సరిచేసుకోవచ్చు. మా అభిప్రాయంలో పెద్దల్ని ఒప్పించే దారి ఒక్కటే: రెండోదాన్ని కళ్లముందు చేసి చూపించడం, మొదటిదాన్ని దాచకుండా ఒప్పుకోవడం.

అన్నిటికంటే ముందు బ్రేకులు. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు రెండు సర్క్యూట్ల బ్రేకు, అంటే ఒకటి పోయినా రెండోది పనిచేసేలా బ్రేక్ ఆయిల్‌కు రెండు విడి దారులు, తప్పనిసరైంది. అంతకుముందు చాలా కార్లలో ఉన్నది ఒకటే సర్క్యూట్. ఎక్కడో ఒక హోస్ (ఆయిల్ గొట్టం) పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోయి పెడల్ నేలకు తగులుతుంది. అందుకే అలాంటి కారు కొంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌ను రెండు గదులది వేయించడం మొదటి పని. దాని బోర్ (లోపలి వ్యాసం) పాతదానికి సరిపోవాలి. పెద్దదైతే పెడల్ బరువెక్కుతుంది, చిన్నదైతే పెడల్ చాలా లోతుకు వెళ్తుంది. ముందు చక్రాలకు డిస్కులు పెట్టించి, డ్రమ్ముల కాలం నాటి మాస్టర్ సిలిండర్‌నే ఉంచేస్తే ఇంకో చిక్కుంది. డ్రమ్ముల కోసం లోపల ఉన్న చిన్న వాల్వు లైన్‌లో సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు) ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. దాంతో డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి.

రబ్బరు హోస్‌లు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి ఉంటాయి. పెడల్ వదిలాక కూడా అలాంటి హోస్ ఉన్న చక్రం బ్రేకు వదలదు, లేదా బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగుతుంది. కాబట్టి చూసి నిర్ణయించకండి, అన్నీ మార్చేయండి. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగిపోవచ్చు. కిందికి దిగే రోడ్డులో వరసగా బ్రేకు వేసేటప్పుడు ఈ తేడాయే ప్రాణం మీదికి తెస్తుంది. రెండేళ్లకోసారి మార్చాలి. సిలికాన్ రకమైన డాట్ 5ను దానితో కలపకూడదు.

ఇక్కడ పెద్దలే చేయగల పరీక్ష ఒకటుంది. కారు నిలిపి ఉండగా పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోమనండి. పెడల్ మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగాయి. మీ మాటల కంటే ఆ నిమిషం ఎక్కువ పని చేస్తుంది.

టైర్ల విషయంలో మోసపోయేది అరుగుదల చూసి. ఈ కార్లు తిరిగేది తక్కువ కాబట్టి టైరు మీది గాడులు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది. ఆరేళ్లు దాటితే మార్చడం మంచిది, పదేళ్లు దాటితే మార్చి తీరాలి. స్పేర్ టైరుకూ ఇదే లెక్క.

చక్రాన్ని జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు, బాల్ జాయింట్ల (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీళ్ల) లూజు తెలుస్తుంది. పక్కల పట్టుకుని ఊపితే స్టీరింగు జాయింట్లది. తుప్పుకు అయస్కాంతం చాలు. పెయింటు కింద తుప్పును కప్పిన పుట్టీ మందంగా ఉన్నచోట అది అతుక్కోదు. తలుపుల కింది సిల్స్, స్ప్రింగు బిగించే చోట్లు, సీటు బెల్టు బోల్టులు పట్టే చోట్లు తప్పక చూడాలి.

బెల్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఓల్వో 1959లోనే మూడు పాయింట్ల బెల్టు తెచ్చింది, కానీ ఆ కాలపు కార్లలో చాలావాటికి నడుము బెల్టే, కొన్నిటికి అదీ లేదు. మూడు పాయింట్లది పెట్టించవచ్చు. పలచని రేకుకు రంధ్రం వేసి బిగిస్తే మాత్రం గుద్దుకున్నప్పుడు బోల్టు రేకును చీల్చుకుని బయటికొస్తుంది. వెనక మందపాటి ప్లేటు వెల్డ్ చేసి, బెల్టుల కోసమే చేసిన 7/16 అంగుళాల బోల్టులే వాడాలి. తల వెనక దిండు లేని సీటుంటే వెనక నుంచి గుద్దినప్పుడు మెడకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువని కూడా చెప్పండి.

మంటకు ఒక ముఖ్య కారణం పాతబడిన పెట్రోలు గొట్టాలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు వాటిని పగలగొడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే ఎస్‌ఏఈ జే30 ఆర్9 రకం గొట్టం వేయించి, బ్యాటరీకి కట్ ఆఫ్ స్విచ్ పెట్టించి, డ్రైవరు చేతికందేలా కిలో మంటార్పే సిలిండర్ బిగించండి.

ఇన్ని చేసినా ఎయిర్‌బ్యాగు రాదు, ఏబీఎస్ రాదు. కాబట్టి హద్దులు మీరే ముందు చెప్పండి: రాత్రి వానలో నడపను, రద్దీ హైవే ఎక్కను, ముందు బండికి రెట్టింపు దూరం ఉంచుతాను, చిన్నపిల్లల్ని ఎక్కించుకోను. చూసే మెకానిక్‌ను అమ్మేవాడో మీరో కాదు, అమ్మానాన్నలే ఎంచుకోనివ్వండి. అతని రిపోర్టు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు, డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు, గొట్టాల లీకులు మళ్లీ చూపించి, ఆ కాగితం కూడా వాళ్లకే ఇవ్వండి.