బండి పండుకున్నది

పొద్దున ఆరింటికి ఇంటర్‌కామ్ మోగితే మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఒకటే అర్థం: ఇవ్వాళ మంజీరా నీళ్ళు రావు, ఉన్న బకెట్లు నింపుకోండి. నా ఒక్కడికే ఇంకో అర్థం కూడా ఉండేది.

"సార్, మీ బండి మళ్ల పండుకున్నది."

మా వాచ్‌మన్‌ది పాలమూరు. చిన్నప్పుడు బర్రెలు కాసినవాడు. పండుకున్న దాన్ని ఎట్లా లేపాలో అతనికి బాగానే తెలుసు. కానీ మెలిపెట్టడానికి నా కారుకు తోక లేదు.

అది జర్మనీ కారు. కొత్తలో కోటికి అటూ ఇటూ పలికిన కారు పన్నెండేళ్ళ తర్వాత తొమ్మిది లక్షలకు ఎందుకు వస్తోందన్న ప్రశ్న నాకు రాలేదు. మా ఆవిడకు వచ్చింది. ఆమెకు వచ్చే ప్రశ్నలన్నీ నాకు ఆర్నెల్ల తర్వాత వస్తుంటాయి. అమ్మినాయన మాత్రం టీ తాగించి, తాళంచెవి చేతిలో పెట్టి, "రాజా బండి సార్, కూర్చుంటే మబ్బు మీద కూర్చున్నట్టే" అన్నాడు. అబద్ధమేం చెప్పలేదు. మబ్బంటే ఎప్పుడో ఒకప్పుడు కురిసి ఖాళీ అయిపోయేదేనన్న సంగతి నేనే ఆలోచించుకోవాల్సింది.

మామూలు కారుకు చక్రాల దగ్గర ఇనప స్ప్రింగులుంటాయి. దీనికి వాటి బదులు రబ్బరు తిత్తులు. కొలిమి తిత్తి చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. టైర్లలో మనం కొట్టించే గాలి ముప్పై చిల్లర పీఎస్ఐ అయితే ఈ తిత్తుల్లో అంతకు మూడు రెట్లకు పైనే ఉంటుంది. నింపడానికో కంప్రెసర్, ఏ తిత్తికెంతో పంచడానికో వాల్వుల డబ్బా, కారు ఎంత ఎత్తులో ఉందో చూసి చెప్పడానికి చక్రాల దగ్గర సెన్సార్లు. వెనక సీట్లో ముగ్గురు బావలెక్కినా వెనక భాగం కుంగదు. హైవే మీద వేగం పెంచితే తనంతట తనే కాస్త కిందికి దిగి, గాలికి ఒదిగి పోతుంది. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీద మెహదీపట్నంలో ఎక్కి అరాంఘర్‌లో దిగేదాకా, 11.6 కిలోమీటర్లూ, మా నాన్న చేతిలో స్టీలు గ్లాసుతో టీ తాగారు. చుక్క తొణకలేదు. ఆ రోజు ఆయన నా వైపు చూసిన చూపు పదో తరగతిలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా చూడలేదు.

ఇంత సుఖానికీ ఆధారం ఆ రబ్బరు. రబ్బరుకు వయసొస్తుంది. మడత పడేచోట సన్నగా నెర్రెలు విచ్చుతుంది. మన ఎండలకు ఇంకొంచెం తొందరగా విచ్చుతుందని నా అనుమానం. రాత్రంతా గాలి మెల్లిగా జారిపోతుంది, పొద్దున్నకు కారు బోర్లా పడుకుంటుంది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ గుర్రుమని ఊది, రెండు నిమిషాల్లో లేపి నిలబెడుతుంది. లీకు పెరిగేకొద్దీ దానికి పని పెరుగుతుంది, ఒళ్ళు కాలిపోతుంది, కాలితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

అది సరిగ్గా మా పెద్ద బావమరిది కొడుకు పెళ్ళిలో ఆగింది.

నాగోల్ దగ్గర ఫంక్షన్ హాలు. బరాత్‌కు నా కారే కావాలని పట్టుబట్టారు. బానెట్ నిండా బంతిపూలు, లోపల పెళ్ళికొడుకు, ముందు డీసీఎంలో డీజే. కుర్రాళ్ళు తీన్మార్ వేస్తూ గంటన్నరలో రెండొందల గజాలు నడిచారు. ఏసీ నడుస్తోంది, కంప్రెసర్ ఊదుతోంది, తిత్తి వదిలేస్తోంది. హాలు గేటు ముందు, ఆడపెళ్ళివాళ్ళు హారతి పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చిన క్షణాన, ఎడమవైపు ముందు భాగం "స్స్‌స్" అంటూ ఒంగడం మొదలుపెట్టింది. హారతి ఎటు ఒంగితే పెళ్ళికొడుకు అటు ఒంగాడు. మీటర్ల మధ్యలో ఎర్ర అక్షరాలు: ఆగండి, కారు మరీ కిందికుంది. చక్రం మీది రేకు వచ్చి టైరు మీద కూర్చుంది.

"బండి సుత దండం పెడ్తున్నదమ్మా, మంచి సంబంధం" అన్నది పెళ్ళికూతురి నాయనమ్మ.

పెళ్ళికొడుకు మిగతా యాభై గజాలూ డీసీఎం మీద, రెండు స్పీకర్ల మధ్య నిలబడి వచ్చాడు. ఆల్బమ్‌లో ఆ పేజీ ఉంది. చుట్టాలెవరొచ్చినా ముందు ఆ పేజీయే తీస్తారు.

మర్నాడు మలక్‌పేటలో మాకు తెలిసిన భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. నేను తీసుకెళ్ళానంటే లారీ ఎక్కించి తీసుకెళ్ళానని. భాయ్ రెండు రూపాయల షాంపూ పొట్లం నీళ్ళలో కలిపి, తిత్తి మీద చిలకరించి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యమన్నాడు. మడతలోంచి బుడగలు లేచాయి. జాతరలో పిల్లలు ఊదేంత బుడగలు. ఒకటి ఎగిరి భాయ్ గడ్డం మీద వాలింది.

"లీకు కనబడుతోందా భాయ్?"

"లీకు లేని జాగ ఎక్కడున్నదో చూస్తున్న సార్."

కంపెనీ వర్క్‌షాప్‌లో కాఫీ ఇచ్చి, మూడు పేజీల ఎస్టిమేట్ కూడా ఇచ్చారు. నాలుగు తిత్తులు, కంప్రెసర్, వాల్వుల డబ్బా కలిపి ఆరు లక్షల ఎనభై వేలు, పైన జీఎస్టీ. తొమ్మిది లక్షల కారుకు. ఒక్కటే మార్చుకుందామా అంటే భాయ్ తల అడ్డంగా ఊపాడు. నాలుగూ ఒకే ఈడువి, ఒకటి మారిస్తే నెల తిరక్కుండా పక్కది మొదలుపెడుతుంది. అన్నదమ్ముల తగాదా లాంటిదట.

అప్పుడొచ్చాడు మా చిన్న బావమరిది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. కార్ల గురించి తెలియనిది లేదు, కారు లేదు.

"బావా, గాలి మొత్తం పీకి కాయిలోవర్లు వేద్దాం."

"ఏం కాయలురా అవి?" అంది వంటింట్లోంచి అమ్మ.

షాకబ్జర్ చుట్టూ స్ప్రింగు తొడిగి, దాని ఒంటికి మర చుట్టిస్తారు. మర మీది చుట్టు తిప్పితే కారు ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. పైన ఓ చిన్న మీట, టక్కు టక్కుమని 32 మెట్లు. తిప్పితే మెత్తన, గట్టిన. ఫోన్‌లో బొమ్మ చూసి నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది నా స్కూటర్‌కు వెనకాల ఉండేది గదరా. దాన్ని అమ్మితే పదిహేను వందలొచ్చినయి."

ఇది మన ఒక్కళ్ళ బాధ కాదని కూడా బావమరిదే ధైర్యం చెప్పాడు. 1957లో అమెరికాలో కాడిలాక్ వాళ్ళు ఎల్డొరాడో బ్రోమ్ అనే కారుకు గాలి సస్పెన్షన్ పెట్టారు. అప్పట్లోనే 13,074 డాలర్ల కారు. గాలి నిలవక, కొన్నవాళ్ళలో చాలామంది గాలి తీసేయించి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారట. సముద్రాలకు అవతల ఎవరో కోటీశ్వరుడు పొద్దున్నే లేచి తన కారును చూసి నాలాగే నెత్తిన చెయ్యి పెట్టుకుని ఉంటాడనుకుంటే కాస్త ఊరట కలిగింది. లక్షా అరవై వేలకు పెట్టె వచ్చింది.

బిగించడం ఆదివారం. భాయ్, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు, మాన్యువల్ పట్టుకుని బావమరిది, పక్కన నిలబడి అందరికీ అడ్డంగా నేను. ముందు గాలంతా వదిలారు. ఒత్తిడి ఉండగా పైపు విప్పితే ఎగిరొచ్చి మూతి పగలగొడుతుందట. జాకీల మీద లేపి, పాత తిత్తులు తీసి గోడవారన వరసగా పడేశారు. పండగ మర్నాటి మేకపోతు తోళ్ళలా ఉన్నాయి. మధ్యాహ్నం బిర్యానీకి ముందే నాలుగూ ఎక్కాయి. ఎత్తు సెట్ చెయ్యడమే మిగిలింది. చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా ఇన్ని మిల్లీమీటర్లు అని మాన్యువల్‌లో ఉంది. టేపు ఏదని చూస్తే బావమరిది ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

"టేపు ఎందుకు? టైరు మీద నాలుగు వేళ్ళు పట్టాలి, అంతే" అన్నాడు భాయ్. ఈ లెక్కలో తప్పేం లేదు, లోకమంతా వేళ్ళతోనే చూస్తారు. ఆయన ముందు రెండు చక్రాలూ తన వేళ్ళతో చూసి బిగించాడు. ఇంతలో జొహర్ అజాన్ వినిపించింది. "వెనకవి నువ్వు చూడు బేటా" అని కుర్రాడికి చెప్పి నమాజుకు వెళ్ళాడు.

భాయ్ వేళ్ళు అరటిపండ్లు. కుర్రాడివి గోకరకాయలు.

సాయంత్రం కారు కిందికి దించి చూస్తే ముక్కు ఆకాశానికి, వెనక నేలకు. హుస్సేన్‌సాగర్‌లో వెనకాల బరువెక్కువైన మోటారు పడవ ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అదొక్కటే అయితే పోనీలే అనుకుందును. ఇక పనిలేదని ఎత్తు సెన్సార్ల కడ్డీలు విప్పి భాయ్ బైండింగ్ వైరుతో కట్టేశాడు. లైట్లు ఎటు చూడాలో నిర్ణయించేది కూడా ఆ సెన్సార్లే. కడ్డీలు కట్టిన తీరు చూసి కారు తల వంచి నడుస్తోందని అనుకున్న కంప్యూటర్, పాపం, లైట్లు పైకెత్తింది. ఆ రాత్రి మా సందులోకి మలుపు తిరిగేసరికి రోడ్డు మీద చీకటి, రెండో అంతస్తు బాల్కనీలో పట్టపగలు. బట్టలారేస్తున్న అత్తమ్మ చీర కొంగు నిండా కప్పుకుని, "ఎవడ్రా అది!" అని క్లిప్పుల డబ్బా విసిరింది. బానెట్ మీద పడింది. గురి మంచిదే, వెలుతురు బాగుంది కదా.

మర్నాడు టేపు కొన్నాం. అరవై రూపాయలు. ఈ మొత్తం వ్యవహారంలో పైసా వృథా కాని ఖర్చు అదొక్కటే. సి ఆకారం పానాతో మళ్ళీ అన్నీ తిప్పి, కడ్డీలు మళ్ళీ తగిలించి, చక్రాల అలైన్‌మెంట్ చేయించి, ఊపిరి పీల్చుకున్నాం. కారు సమంగా నిలబడింది. అందంగా కూడా ఉంది, ఒప్పుకోవాలి.

నాన్నను ఎక్కించుకుని మళ్ళీ మెహదీపట్నంలో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. ఈసారి కూడా టీ గ్లాసు తెచ్చుకున్నారు. మొదటి జాయింటు దగ్గరే టీ ఆయన చొక్కా మీద, రెండో జాయింటుకు నా చొక్కా మీద. ఆ రోడ్డుకు అన్ని జాయింట్లున్నాయని నాకప్పటిదాకా తెలియదు. వెన్నుపూసతో లెక్కపెట్టుకుంటూ పోయాను, అత్తాపూర్ దాటాక లెక్క తప్పింది. కిందికి దిగాక స్పీడ్ బ్రేకర్ ఒకటి. నాన్న పళ్ళ సెట్టు ఊడి ఒళ్ళో పడింది. దాన్ని రుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టుకునేదాకా ఏం మాట్లాడలేదు. పెట్టుకున్నాక కూడా మాట్లాడలేదు.

విషయమేమిటంటే, బావమరిది ఆ మీటను 32 దగ్గర పెట్టాడు. వాళ్ళ ఆఫీసులో ఏ నంబరైనా ఎక్కువుంటే మంచిదట. ఎనిమిదికి దించాం. కొంచెం నయం. కొంచెమే, ఎందుకంటే ఆ మీట మారుస్తున్నది షాకబ్జర్ లోపలి నూనె కదలికను. స్ప్రింగు మాత్రం పందెం కార్ల వాళ్ళ కోసం చేసిన స్ప్రింగు, అది ఎవరి మాటా వినదు.

మీటర్ల దగ్గర పసుపు దీపం ఒకటి మిగిలిపోయింది. సస్పెన్షన్ పోయింది, చూపించుకోండని దాని గోల. సస్పెన్షన్ నిజంగానే పోయింది మరి. మేమే తీసి గోడవారన పడేశాం. కంప్యూటర్‌లో ఆ సంగతి రాయించాలంటే ఇంకో ఇరవై వేలన్నాడొకాయన. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి బొట్టు బిళ్ళ ఒకటి తీసి దీపం మీద అంటించింది. మెరూన్ రంగుది, నడుమ రాయి ఉన్నది. దీపం వెలిగినప్పుడల్లా రాయి మెరుస్తుంది.

ఇంత జరిగాక కూడా నాకు ఒక జబ్బు మిగిలింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. బండి పండుకుందేమో చూసి రావాలి. లుంగీతో లిఫ్టు దిగి సెల్లార్‌లోకి పోయి, ఫోన్ లైటు వేసి, నాలుగు చక్రాల దగ్గరా నాలుగు వేళ్ళు పెట్టి చూసుకుని పైకొచ్చి పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. వాచ్‌మన్ మొదట్లో లేచి నిలబడేవాడు, తర్వాత కుర్చీలోంచే చెప్పేవాడు. "నిలబడే ఉన్నది సార్. మీరు పోయి పండుకోండ్రి."

మొన్న గురువారం రాత్రి దిగేసరికి సెల్లార్‌లో గుర్రుమని శబ్దం. ఇంజిన్ ఆపి నాలుగు గంటలైంది. ముందు చక్రం వెనక ఎక్కణ్ణుంచో వస్తోంది. గుర్తుపట్టాను, కంప్రెసర్! అన్నీ తీసిన భాయ్ దాని ఫ్యూజు మాత్రం తియ్యలేదు. రిలే అతుక్కుపోయినట్టుంది, ఊదడానికి తిత్తులు లేకపోయినా పాపం ఊదుతూనే ఉంది. చెయ్యి పెట్టి చూద్దామని మోకాళ్ళ మీద ఒంగి, మెడ వంచి, చక్రం పక్కనుంచి లోపలికి తొంగిచూశాను. నడుంలో ఎక్కడో "టక్" మంది. ముప్పై మూడో మెట్టు కాబోలు. ఇంక అటూ లేదు, ఇటూ లేదు. మెల్లిగా పక్కకు ఒరిగి, చల్లటి బండల మీద, టైరుకు చెంప ఆనించి ఉండిపోయాను.

వాచ్‌మన్ వచ్చి చూశాడు. నన్ను చూశాడు, కారును చూశాడు. వంగి చక్రం మీద నాలుగు వేళ్ళు పెట్టి చూశాడు. తర్వాత పోయి ఇంటర్‌కామ్ తీశాడు.

"మేడమ్, బండి మంచిగనే నిలబడ్డది. సారే పండుకున్నడు."