నల్లరాయికి మైనస్, తెల్లగిత్తకి ప్లస్

మొన్న ఒంగోల్లో ఒక పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం. నాతో వచ్చిన కుర్రాడి మెడలో వేలాడే కెమెరా, లెన్సు అమ్మితే నా బండిలాంటివి రెండొస్తాయి. జీలకర్ర బెల్లం అయిపోయి తలంబ్రాలు మొదలయ్యాక వాడి స్క్రీన్‌లోకి తొంగిచూశాను. పెళ్లికొడుకు పంచె సున్నం కొట్టిన గోడలా ఉంది. మడత లేదు, జరీ అంచు లేదు.

"ఏందిరా ఇది, మీటర్ చూశావా?" అన్నా.

"ఎడిటింగ్‌లో చూసుకుందాంలే అన్నా" అన్నాడు, తలెత్తకుండానే.

ఈ ముక్క వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక లేనివాళ్లు రీల్స్ చూసుకోండి.

కెమెరాలో ఉండే ఈ మీటర్ ఏమీ బ్రహ్మవిద్య కాదు. ఎదురుగా ఉన్నదాని మీద పడి తిరిగొచ్చిన వెలుతురును కొలుస్తుంది, అంతే. అది పంచో, పట్టుచీరో, బొగ్గుల బస్తానో దానికి తెలీదు. తెలీదు కాబట్టి ఒక గుడ్డి లెక్క పెట్టుకుంది: ఏం చూపించినా సగటు మీద మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది. పడిన వెలుతురులో 18 శాతం తిప్పికొట్టే బూడిద అని పుస్తకాల్లో రాస్తారు. కంపెనీని బట్టి లెక్క కాస్త అటూ ఇటూ ఉండొచ్చు గానీ బుద్ధి మాత్రం అదే. తెల్లది చూపిస్తే "అమ్మో, ఎక్కువైంది" అని తగ్గిస్తుంది. నల్లది చూపిస్తే "చీకటిగా ఉంది" అని పెంచుతుంది. రెండూ చివరికి బూడిదే.

ఈ పాఠం నేర్చుకోవడానికి మన జిల్లా అంత మంచి బడి ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం. ఒకపక్క చీమకుర్తి నల్లరాయి, ఇంకోపక్క ఒంగోలు గిత్త. దేవుడు మనకోసమే పెట్టాడా అన్నట్టు.

నేను మొదట దెబ్బతిన్నది రాయి దగ్గరే. పదిహేనేళ్ల కింద చీమకుర్తిలో ఒక యార్డు ఆయన గెలాక్సీ పలకలు ఫొటోలు తీయమన్నాడు, బయటిదేశం పార్టీకి పంపాలని. ఆ రాయి తెలుసు కదా, కాటుకలాంటి నలుపు మీద బంగారు రజను చల్లినట్టు మెరుపులు. ఆ మెరుపు రాయిలోని బ్రాంజైట్ అనే ఖనిజానిది. నేను బుద్ధిగా మీటర్ "సరిపోయింది" అనే సున్నా మీదికి తెచ్చి యాభై అరవై ఫొటోలు తీసి ఇచ్చాను. ఆయన చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "మా రాయి ఇది కాదు నాయనా, ఇదేదో సిమెంటు పలక" అన్నాడు. నిజమే. మీటర్ నలుపును లాక్కొచ్చి బూడిద చేసింది. ఆ పెంచిన వెలుతురుకి బంగారు చుక్కలు కాస్తా తెల్లగా పేలిపోయాయి. మర్నాడు మళ్లీ వెళ్లి రెండు స్టాపులు తగ్గించి తీశాను. ఒక స్టాప్ తగ్గించడమంటే లోపలికెళ్లే వెలుతురును సగం చేయడం. అంటే మీటర్ అడిగిన దాంట్లో నాలుగో వంతే ఇచ్చాను. రాయి రాయిలా వచ్చింది.

గిత్త దగ్గర దీనికి తిరగమరగ. సంక్రాంతి బండలాగుడు పోటీల్లో ఎదురుగా జత నిలబెట్టి ఫ్రేమ్ నిండా తీస్తే, సబ్బు చూసి నెలరోజులైన దుప్పటి రంగు వస్తుంది. అక్కడ ఒకటో, ఒకటింబావో పెంచాలి. అలాగని అడ్డంగా పెంచేయకూడదు. మగ గిత్తకి మెడ మీదా మూపురం మీదా కాస్త బూడిద నీడ ఉంటుంది, అదే దాని అందం. ఎక్కువ పోస్తే ఆ నీడ చచ్చిపోయి, పిండితో చేసిన బొమ్మవుతుంది. (ఈ జాతే బ్రెజిల్ వెళ్లి అక్కడ 'నెలోర్' పేరుతో లక్షల మందలైంది. పేరు నెల్లూరోళ్లు కొట్టేశారని మావాళ్లకి ఇప్పటికీ కడుపుమంట.)

మీటర్ బుద్ధిని బాగుచేయాలని కంపెనీలవాళ్లు ప్రయత్నించకపోలేదు. 1983లో నికాన్ ఎఫ్ఏలో మొదటిసారి ఫ్రేమ్‌ని అయిదు ముక్కలు చేసి విడివిడిగా కొలిచి బేరీజు వేయడం మొదలెట్టారు. ఇప్పటి మ్యాట్రిక్స్, ఎవాల్యుయేటివ్ మీటరింగ్‌లకి అదే ముత్తాత. ఇప్పుడవి మొహాన్ని కూడా గుర్తుపడతాయి. బానే పనిచేస్తాయి, కాదనను. కానీ మొహానికి పక్కనే మెరిసే పంచె, వెనకాల ఎల్ఈడీ గోడ, పైన పువ్వుల్లో సీరియల్ లైట్లు పెట్టి "నువ్వే తేల్చుకో" అంటే అదేం తేలుస్తుంది? అలాంటప్పుడు స్పాట్ (ఫ్రేమ్‌లో చుక్కంత చోటునే కొలిచే పద్ధతి) పెట్టి మొహం మీద కొలవాలి. ఇక్కడో తిరకాసుంది. నికాన్‌లో స్పాట్ మీరు ఎంచుకున్న ఫోకస్ పాయింట్ వెంట పోతుంది. కానన్ డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాలు) చాలావాటిలో ఫ్రేమ్ నట్టనడుమే ఉంటుంది, ఫోకస్ ఎక్కడ పెట్టినా సరే. కెమెరా మార్చినప్పుడు ఇది తెలీక మొహం మీద ఫోకస్ పెట్టి మంగళసూత్రం మీద కొలిచినవాళ్లని చూశాను.

ఏదీ కుదరకపోతే మీ అరచెయ్యే మీటర్. మొహం మీద పడే వెలుతురులో చెయ్యి చాపి, అరచేతి మీద కొలిచి ఒక స్టాప్ పెంచుకోండి. మనిషి ఏ రంగైనా అరచెయ్యి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దీనికి ఈఎంఐ అక్కర్లేదు.

"నేను మాన్యువలే అన్నా, మీటర్‌తో పనేంది" అనేవాళ్లు ఇంకో రకం. వాళ్లలో సగంమంది ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో ఉంటుంది! షట్టర్, అపర్చర్ (లెన్స్ రంధ్రం) వీడు తిప్పుకుంటుంటే, వెనకనించి మీటర్ ఐఎస్ఓ పట్టుకుని తన ఇష్టమొచ్చినట్టు లాగుతుంటుంది. స్టీరింగ్ ఇంకొకడి చేతిలో పెట్టి హారన్ కొట్టుకోవడం అది.

ఇప్పుడు అసలు మంట. ఎక్స్‌పోజర్ (ఎంత వెలుతురు లోపలికి పంపాలనే లెక్క) తెలీక చెడగొట్టేవాళ్ల మీద నాకంత కోపం లేదు, నేర్చుకుంటారు. తెలిసి చెడగొట్టేవాళ్ల మీదే. పెళ్లికూతురు చామనచాయ అనుకోండి, ఇంట్లోవాళ్లు పక్కకి పిలిచి "కొంచెం తెల్లగా వచ్చేలా చూడు బాబూ" అంటారు. వీడు స్టాపున్నర పెంచేస్తాడు. అమ్మాయి ముక్కుపుడక పోయింది, కాసులపేరు తెల్లటి మరకయింది, చేతికి పెట్టిన గోరింటాకు వెలిసిపోయింది. మీటర్ పాపం అందర్నీ బూడిద చేస్తుంది, దానికి తెలీక. మనం అందర్నీ తెల్లగా చేస్తాం, తెలిసే. ఆ యార్డు ఆయన రాయి రంగు మారితే ఒప్పుకోలేదు, తిరిగి తీయించాడు. ఆడపిల్ల రంగు మారిస్తే మాత్రం డబ్బులిచ్చి ఆల్బమ్ వేయించుకుంటున్నాం. నేను ఇలా అడిగినవాళ్లకి "పాప ఎలా ఉందో అలానే తీస్తానమ్మా" అని చెప్తాను. రెండు పెళ్లిళ్లు పోయాయి ఈ మాటకి. పోనీ.

ఎర్ర పట్టుచీర గురించి ఒక్క మాట. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంత, వెలుతురు ఎంత అని చూపే గ్రాఫ్) చూసి "అంతా బానే ఉంది" అనుకుంటారు. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టి చూడండి, ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. చీర మీద బుటాలన్నీ కలిసి ఎర్ర ముద్ద. నీడలో పోయింది రా ఫైల్లో (కెమెరా దాచే ముడి ఫొటో) కొంత లాక్కోవచ్చు, గరుకు చుక్కలు తేలినా. నిండిపోయి పొర్లింది మాత్రం ఎడిటింగ్‌లో ఏ దేవుడూ తిరిగివ్వడు.

ఇక సెన్సర్ (లెన్స్ వెనక బొమ్మ పట్టే పలక) సంగతికొస్తే, నేను పడిన సిగ్గు మీరు పడకూడదని చెప్తున్నా. ఆ యార్డులోనే ఒకసారి పలకల మధ్య నిలబడి లెన్స్ మార్చాను. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తారు గానీ, ఆ బురద ఎండితే పౌడరు కంటే మెత్తగా లేస్తుంది. ఆరోజు ఫొటోల్లో ఏమీ కనపడలేదు. ఎలా కనపడుతుంది? సెన్సర్ మీద దుమ్ము ఫొటోలో నల్లచుక్కగా పడుతుంది, నల్లరాయి మీద నల్లచుక్క ఎవరికి తెలుస్తుంది! మూడోరోజు కొత్తపట్నం బీచ్‌లో ప్రీవెడ్డింగ్. ఎఫ్16 పెట్టి (అంటే అపర్చర్ బాగా మూసి), పైన నీలాకాశం వదిలి తీశాను. పిల్ల తండ్రి లాప్‌టాప్‌లో చూసి "కాకులు బాగా పడ్డాయే" అన్నాడు. ఒక్క కాకి లేదు ఆరోజు.

అపర్చర్ పెద్దగా తెరిస్తే వెలుతురు అన్ని వైపుల నుంచీ వచ్చి ఆ నలుసు నీడ కరిగిపోతుంది. ఎఫ్16, 22కి మూస్తే సన్నటి దారిలో వచ్చి నీడ గట్టిగా పడుతుంది. ఎప్పుడూ ఎఫ్1.8లో తీసేవాళ్లకి సెన్సర్ మీద మెట్ట పొలమే ఉన్నా తెలీనిది అందుకే. పరీక్ష సులువు: ఎఫ్16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లగోడనో ఆకాశాన్నో తీసి జూమ్ చేసి చూడండి. చుక్క ఫొటోలో పైన ఎడమవైపు కనిపిస్తే, కెమెరా నోట్లోకి ఎదురుగా చూసినప్పుడు సెన్సర్ మీద కింద ఎడమవైపు ఉంటుంది. బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా.

ఆరోజు నేను చేసిన ఘనకార్యం, నోటితో ఊదడం. దుమ్ముకి ఉమ్ము తోడైంది. తర్వాత చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో తుడిచాను. గీత పడకుండా బతికిపోయానంటే నా గొప్ప కాదు, మనం తుడిచేది అసలు సెన్సర్ కాదు, దాని మీద ఫిల్టర్ గాజు. అది గీసుకుపోయినా బిల్లు మాత్రం తక్కువేం కాదు. అందుకని వరస ఇది: ముందు కెమెరాలోని దులుపుడు బటన్ నొక్కండి (2003లో ఒలింపస్ ఈ-1తో వచ్చిన విద్య ఇది, సెన్సర్ ముందున్న గాజు సన్నగా వణుకుతుంది). తర్వాత కెమెరా నోరు నేలకి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, కొన లోపలికి దూర్చకుండా. డబ్బాలో అమ్మే గాలి వద్దు, లోపలి ద్రవం చిమ్మితే మరక పడుతుంది. అప్పటికీ పోకపోతేనే తడి స్వాబ్. సెన్సర్ వెడల్పుకి సరిపోయేది కొనండి, తుడిచే ద్రవం రెండు చుక్కలు, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక్క లాగుడు, తిప్పి ఇంకో లాగుడు, పారేయండి. డబ్బులు మిగుల్తాయని మళ్లీ వాడొద్దు. డీఎస్ఎల్ఆర్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి, సగంలో పైకెత్తిన అద్దం కిందపడితే ఇంక చెప్పేదేముంది.

దుమ్ము కంటే భయపడాల్సింది ఇంకోటి: సంగీత్ రాత్రి డీజే లేజర్. అది తిన్నగా లెన్స్‌లోకి కొడితే సెన్సర్ మీద గీతో చుక్కో శాశ్వతంగా ఉండిపోతుంది. తుడిస్తే పోదు, ఎడిటింగ్‌లో అంతకంటే పోదు. డీజేవాడితో ముందే మాట్లాడుకోండి, వినకపోతే లెన్స్ పక్కకి తిప్పేయండి. ఒక షాట్ పోతే పోయింది.

అన్నట్టు, కర్నూలు రోడ్డు కల్యాణమండపంలో నా బ్లోయర్ "అయిదు నిమిషాలన్నా" అని తీసుకున్న తమ్ముడు ఈ పోస్టు చూస్తుంటే, ఆదివారం లోపు తెచ్చివ్వు. సోమవారం మళ్లీ చీమకుర్తిలో పనుంది.