సంతకం బటన్‌కి ఒక విగ్రహం

అమెరికాలోని కోటీశ్వరులంతా తలా ఒక డాలరు వేసుకుని, వాషింగ్టన్ నడిబొడ్డున, ఇంటర్నెట్ పిటిషన్ల కింద ఉండే "సంతకం చేయండి" అనే బటన్‌కి ఒక విగ్రహం పెట్టించాలని ప్రతిపాదిస్తున్నాను. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా. వాళ్ల ఆస్తుల్ని ఆ బటన్ కాపాడినంత నమ్మకంగా ఏ లాయరూ ఏ ఆడిటరూ కాపాడలేదు. పైగా వాళ్లని పైసా ఫీజు అడగలేదు. ఖర్చేదైనా ఉంటే అది కూడా కోటీశ్వరుల మీద కోపంగా ఉన్నవాళ్లే చందాలేసుకుని భరించారు.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1998లో బిల్ క్లింటన్ అభిశంసన గొడవ నడుస్తున్నప్పుడు కాలిఫోర్నియాలో వెస్ బాయిడ్, జోన్ బ్లేడ్స్ అనే భార్యాభర్తలు విసిగిపోయి, ప్రెసిడెంటుని మందలించి ఇక ముందుకు కదలండి బాబూ అని ఇంటర్నెట్‌లో ఒక పిటిషన్ పెట్టారు. అంతకుముందు వీళ్ల కంపెనీకి పేరు తెచ్చిపెట్టింది ఒక స్క్రీన్‌సేవర్, అందులో రెక్కలున్న టోస్టర్లు కంప్యూటర్ తెర మీద ఎగురుతూ పోతుంటాయి. పిటిషన్‌కి లక్షల్లో సంతకాలొచ్చాయి. ప్రతినిధుల సభ ఆ డిసెంబరులో క్లింటన్‌ని శుభ్రంగా అభిశంసించింది. అయితేనేం, మూవ్‌ఆన్ అనే సంస్థ పుట్టింది, ఈమెయిల్ అడ్రసుల జాబితా చేతికొచ్చింది. అడిగింది జరక్కపోయినా జాబితా మిగులుతుందన్న ఈ ఒక్క సత్యం మీదే తర్వాతి పాతికేళ్ల ప్రోగ్రెసివ్, అంటే అమెరికా వామపక్ష, ఉద్యమాల పరిశ్రమ నిలబడిందని నా అభిప్రాయం.

2004లో విరాళాల కోసం యాక్ట్‌బ్లూ వచ్చింది, 2007లో పిటిషన్ల సైట్ చేంజ్ డాట్ ఆర్గ్ వచ్చింది, 2012లో ఆర్గనైజర్ల కోసమనే యాక్షన్ నెట్‌వర్క్ వచ్చింది. మధ్యలో ఎస్సెమ్మెస్‌లు పంపేవి, ఫోన్లు వాటంతటవే కలిపేవి, ఎవరు మెయిల్ తెరిచారో ఎవరు తెరవకుండా పారేశారో పచ్చా ఎరుపూ రంగుల్లో చూపించే డాష్‌బోర్డులు, ఇంకా నాకు పేర్లు గుర్తులేనివి చాలా. ఇంత ప్రగతిలో కదలనిది ఒక్కటే, దేశం మొత్తానికి వర్తించే కనీస వేతనం. 2009 జూలైలో గంటకి 7.25 డాలర్లయింది, ఇవాళ్టికీ అంతే. టిప్పుల మీద బతికే వెయిటర్లకి యజమాని ఇవ్వాల్సిన కనీసం 2.13 డాలర్లు, అది 1991 నాటి రేటు. అంటే వరల్డ్ వైడ్ వెబ్ జనానికి తెరుచుకున్న ఏడాది. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే తేడా యజమానే కట్టాలని చట్టంలో ఉంది లెండి. నిజంగా కడుతున్నాడా అని వెయిటర్ తరఫున వెళ్లి అడిగే యాప్ మాత్రం ఇంకా రాలేదు.

ఈ ఉద్యమాల ఈమెయిల్ ఒకటి తెరిచి చూడండి. "ప్రియమైన ఫస్ట్‌నేమ్ గారూ" అని మొదలవుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ మీ పేరు పెట్టాల్సిన చోట పేరు పెట్టడం మర్చిపోయింది. రెండో లైన్లో మీరు మాకెంతో ఆత్మీయులు అంటుంది. మూడో లైన్లో ఈ అర్ధరాత్రితో ప్రజాస్వామ్యం ముగిసిపోతోంది, కాబట్టి 3 డాలర్లు. ఇప్పుడే ఇస్తే ఎవరో దాత, ఆయనెవరో మనకి తెలియదు, దానికి మూడు రెట్లు కలుపుతాడు. అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున్నే ఇంకో మెయిల్, గడువు పొడిగించాం అని. మీరిచ్చిన దాంట్లో 3.95 శాతం విరాళాలు మోసే ప్లాట్‌ఫారానికి కార్డు ఖర్చుల కింద పోతుంది, మిగిలింది ఉద్యమానికి. ఉద్యమం దాంతో ఇంకొన్ని మెయిళ్లు పంపుతుంది. ఇదంతా చూసి లబ్ధిదారులైన కోటీశ్వరులు ఒక్క థాంక్స్ కార్డన్నా పంపకపోవడం నాకు బొత్తిగా నచ్చలేదు.

ప్రభుత్వం పిటిషన్లని పట్టించుకోదనేవాళ్లున్నారు, అది అబద్ధం. 2011లో వైట్‌హౌసే సొంతంగా పిటిషన్ల సైట్ తెరిచింది. ఇన్ని సంతకాలొస్తే జవాబిస్తాం అంది. ముందు 5,000 చాలంది, నెల తిరక్కుండా 25,000 చేసింది, 2013 మొదట్లో 1,00,000 చేసింది. కనీస వేతనం కన్నా కనీస సంతకాలు ఎంత వేగంగా పెరిగాయో గమనించండి. ఒక సినిమాలో గ్రహాల్ని పేల్చేసే యుద్ధ స్థావరం ఉంటుంది కదా, డెత్ స్టార్, అది కట్టండని కొందరు పిటిషన్ పెడితే, దానికి ఖర్చు 85 పక్కన పదహారు సున్నాలన్ని డాలర్లవుతుందని, మేం లోటు తగ్గించే ప్రయత్నంలో ఉన్నామని, గ్రహాల్ని పేల్చడం మా విధానం కాదని అధికారిక జవాబు వచ్చింది. ఆర్థిక విధానం మీద జనం అడిగిన ప్రశ్నకి ఇంత సూటి సమాధానం దొరకడం అరుదు.

మిగతా ప్రశ్నలకి అంత సూటిగా దొరకదు. క్యారీడ్ ఇంట్రెస్ట్ సంగతే తీసుకోండి. ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ నడిపేవాళ్లు లాభాల్లో మామూలుగా 20 శాతం వాటా తీసుకుంటారు. అది వాళ్లు పనిచేసి సంపాదించిన డబ్బే అయినా, జీతం మీద పడే రేటు కాకుండా పెట్టుబడి లాభం మీద పడే తక్కువ రేటు పడుతుంది. దీన్ని తీసేస్తానని ఒబామా అన్నాడు, ట్రంప్ అన్నాడు, బైడెన్ అన్నాడు. మరే విషయంలోనూ కలవని రెండు పక్షాలు కలిసిన చోటు ఇది, కాబట్టి సహజంగానే అది తొలగలేదు. 2017 చట్టం ఆస్తిని ఏడాదికి బదులు మూడేళ్లు ఉంచుకోవాలని ఒక షరతు మాత్రం పెట్టింది. 2022లో ఇంకొంచెం బిగించబోతే, చెరి యాభై మంది ఉన్న సెనేట్‌లో అరిజోనా సెనేటర్ కిర్స్టెన్ సినెమా ఒప్పుకోనంది, ఆ భాగం బిల్లులోంచి ఎగిరిపోయింది. లాబీయిస్టులు సంతకాలు సేకరించరు, వాళ్లకి డాష్‌బోర్డు కూడా అక్కర్లేదు, ఎవరి ఓటు లేకపోతే బిల్లు ఆగుతుందో తెలిస్తే చాలు. ఆ ముందటేడాది, 2021 మార్చి 5న, కనీస వేతనం 15 డాలర్లు చేద్దామన్న సవరణ 42-58 తేడాతో ఓడిపోయింది. ఆ 58 మందిలో ఎనిమిది మంది సవరణ తెచ్చిన డెమోక్రాట్ల వైపు వాళ్లే. వాళ్ల ఇన్‌బాక్సుల్లో పడిన ఒకేలాంటి మెయిళ్లకి ఒకేలాంటి జవాబులు వెళ్లే ఉంటాయి, "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని. రెండువైపులా సాఫ్ట్‌వేరే మాట్లాడుకుంది, మనుషులకి శ్రమ తప్పింది.

ఇంటింటికీ తిరిగే వలంటీర్ల యాప్‌ని మాత్రం నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. తలుపు కొడితే ఏం జరిగిందో నొక్కడానికి బటన్లుంటాయి: ఇంట్లో లేరు, మాట్లాడనన్నారు, ఇల్లు మారారు, చనిపోయారు. మాట్లాడితే మనకి ఎంత మద్దతుందో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. ఎవరో ఒకావిడ తలుపు తీసి, రెండు ఉద్యోగాలు చేస్తున్నా అద్దె సరిపోవట్లేదని, మేనేజరు షిఫ్టులు ముందురోజు రాత్రి చెప్తున్నాడని, తనతో పనిచేసే ఇంకో నలుగురిదీ ఇదే గొడవని పావుగంట చెప్తుందనుకోండి. వలంటీరు పాపం బుద్ధిగా విని "2" నొక్కి, ఇంకా నలభై తలుపులున్నాయని పక్కింటికి పరిగెడతాడు. ఆ నలుగురి పేర్లు అడగడానికి యాప్‌లో చోటు లేదు. అడిగితే ఏమవుతుందో, అక్కడే ఉంది అసలు ప్రమాదం.

ఎందుకంటే 2012 నవంబరులో న్యూయార్క్‌లో ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు ఓ రెండొందల మంది ఇలాగే ఒకరి పేరు ఒకరు అడుక్కుని పని ఆపి బయటికొచ్చారు. 15 డాలర్లూ యూనియనూ కావాలన్నారు, వెనక పాతకాలపు యూనియన్ డబ్బు కూడా ఉంది. అప్పుడు చాలామంది నవ్వారు. 2014లో సియాటిల్ 15 డాలర్లకి ఒప్పుకుంది, 2015లో న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ వాళ్లకి ఒప్పుకుంది, 2024 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో పెద్ద ఫాస్ట్‌ఫుడ్ గొలుసుల్లో గంటకి 20 డాలర్లు. 2020లో ఫ్లోరిడా, ట్రంప్‌ని గెలిపించిన అదే బ్యాలెట్ మీద, 15 డాలర్లకీ దాదాపు 61 శాతం ఓటేసింది. బ్యాలెట్ మీద ప్రోగ్రెసివ్ అనే మాట ఎక్కడా లేదు, బహుశా అందుకే.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్. అక్కడి అమెజాన్ గోదాము నుంచి 2020లో ఉద్యోగం పోగొట్టుకున్న క్రిస్ స్మాల్స్, ఇంకొందరూ కలిసి గోదాము బయట బస్టాపు దగ్గర టెంటు వేసుకుని కూర్చున్నారు. షిఫ్టు దిగి బస్సు కోసం చూసేవాళ్లకి తిండి పెట్టి కబుర్లు చెప్పారు, నెలల తరబడి అదే పని. ఇంటర్నెట్ వాడలేదని కాదు, గోఫండ్‌మీలో చందాలు పట్టి ఆ డబ్బుతోనే నెట్టుకొచ్చారు. 2022 ఏప్రిల్ 1న లెక్కపెడితే యూనియన్‌కి 2,654 ఓట్లు, వద్దన్నవాళ్లవి 2,131. అమెజాన్ అయితే, యూనియన్ వద్దని కార్మికులకి నచ్చజెప్పే కన్సల్టెంట్ల మీద ఆ ముందటేడాది దేశమంతా కలిపి 43 లక్షల డాలర్లు పోసింది. ఆ కన్సల్టెంట్లని తీసేసి, నన్ను ఒక్క గంట పెట్టుకుని ఉంటే ఉచితంగా చెప్పేవాణ్ణి: కార్మికులకి ఒక మంచి పిటిషన్ పేజీ చేసిపెట్టండి, డాష్‌బోర్డు కూడా ఇవ్వండి, ఆ బస్టాపుని మాత్రం ఎలాగోలా అక్కణ్ణుంచి మార్పించేయండి.