లండన్–పారిస్ విమానం: పోను 2.20 గంటలు, రాను 20 నిమిషాలా?

వాట్సాప్‌లో తిరుగుతున్న లెక్క ఇది: "హీత్రూ నుంచి పారిస్ ఛార్ల్స్ డి గాల్‌కి 348 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 850. అంటే పాతిక నిమిషాలు. టికెట్ మీద మాత్రం 9.00కి బయలుదేరి 11.20కి చేరుతుంది. తిరుగు విమానం 12.00కి లేచి 12.20కే దిగుతుంది. భూభ్రమణం వల్లే ఈ తేడా. మిగిలిన టైమంతా కంపెనీల మోసం."

ముందు భూభ్రమణం సంగతి. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది, విమానం ఎగిరేది ఆ గాలిలోనే. ఆ అక్షాంశం దగ్గర నేల గంటకు 1,070 కిలోమీటర్ల పైనే తూర్పుకు కదులుతోంది. ఈ వాదనే నిజమైతే తూర్పుకు పోయే ఏ విమానమూ గమ్యం చేరేది కాదు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిది. పారిస్ గడియారం ఏడాది పొడవునా లండన్ కంటే గంట ముందుంటుంది. పోయేటప్పుడు ఆ గంట తీసేయండి, వచ్చేటప్పుడు కలపండి: రెండు వైపులా 1.20 గంటలే. పడమటి గాలి తేడా తెస్తుంది కానీ, ఇంత చిన్న దారిలో అది కొద్ది నిమిషాలే.

348 అంకె సరైనదే, కానీ అది భూగోళం మీద అతి దగ్గరి దారి. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. పడమటి గాలి వీచే రోజు హీత్రూలో పడమటికి లేచి, ఆగ్నేయాన ఉన్న పారిస్ వైపు తిరగాలి. అక్కడా రన్‌వేలు తూర్పు-పడమరలే కాబట్టి, ఎయిర్‌పోర్టు దాటి తూర్పుకు పోయి, వెనక్కి తిరిగి దిగాలి. దూరం 400 దగ్గరకు వస్తుంది.

850 అసలు తప్పు. అది పైకెక్కి నిలకడగా పోయేటప్పటి వేగం. 10,000 అడుగుల కింద మామూలు పరిమితి 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు. ఎక్కడానికి పావుగంట, దిగడానికి 20 నిమిషాలు పోతే, నిలకడ వేగం దక్కేది పది నిమిషాలే! సగటు 550 వేసుకుంటే గాలిలో ముప్పావు గంట.

ఇక "మోసం". టికెట్ టైము మొదలయ్యేది గేటు దగ్గర బ్రేకులు వదిలినప్పుడు, ముగిసేది అవతలి గేటు దగ్గర ఆగినప్పుడు. హీత్రూలో రన్‌వే దాకా పాకడానికి 20, పారిస్‌లో దిగాక 10. గాలిలో గడిపే ముప్పావు గంట కలిపితే మొత్తం 75 నిమిషాలు. మిగిలిన ఐదు నిమిషాలు ఆలస్యమైతే సర్దుకోవడానికి ఉంచిన అదనపు జాగా, అది నిజమే. తిరుగు ప్రయాణంలో, హీత్రూలో దిగే విమానాలు గాలిలో చుట్లు కొడుతూ వంతు కోసం ఆగే బిగ్గిన్ దగ్గర వరసలో ఆపితే ఒక్క చుట్టుకే నాలుగు నిమిషాలు హరీ. పరిహారం ఎగ్గొట్టడానికే ఈ జాగా అనేవాళ్లకు: 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోల యూరోపియన్ పరిహారానికి చేరిక కనీసం మూడు గంటలు ఆలస్యం కావాలి, కారణం కంపెనీ చేతిలోది కావాలి. ఈ పరిహారానికి చేరినట్టు లెక్క చక్రం నేలను తాకినప్పుడు కాదు, తలుపు తెరిచినప్పుడు.