కోరస్ అని రాయకండి, పేర్లు రాయండి

నా పని కల్చరల్ మేనేజ్‌మెంట్, మ్యూజిక్ క్యురేషన్ అని చెప్పుకోవడం ఎప్పుడో మానేశాను. ఆడవాళ్ల పాటల మీద పరిశోధన చేస్తా, వాళ్లతో ప్రోగ్రాంలు పెడతా అంటే మా నల్గొండలో వచ్చే మొదటి ప్రశ్న, "అయితే పెండ్లి ఈవెంట్లు గూడ చేస్తవా?" సరే, దాంతో నాకు పేచీ లేదు. కోపం వేరే ఉంది: పని చేస్తూ పాడే ఆడవాళ్లను ఎవరూ పేరు పెట్టి కళాకారులు అనరు.

కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మన పాలమూరు దిక్కువాళ్లే. రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. కానీ వాయిద్యం ఉంటే ఫొటో తీస్తారు, మ్యూజియంలో పెడతారు, అంతరించిపోతోందని పేపర్లో రాస్తారు. మరి వరి నాటే ఆమె చేతిలో ఏముంటుంది? నారు. చేతులకు తీరిక లేదు కాబట్టే పాట మొత్తం గొంతు మీద నడుస్తుంది, సరిగ్గా అందుకే ఆమె ఏ కళాకారుల లిస్టులోనూ ఉండదు.

ఒక ప్రోగ్రాంలో చూడాల్సింది. సౌండ్ ఆయన ఒకటే మైకు పెట్టి, "మెయిన్ సింగర్ ఎవరు మేడం, శ్రుతి ఎంత?" అన్నాడు. పాట ఎత్తుకునే పెద్దమ్మ నా దిక్కు తిరిగి, "ఎన్క అందుకునేటోళ్లు ఇనపడకుంటె నేనెట్ల పాడాలె బిడ్డా?" అంది. ఆమె చెప్పిందే అసలు సంగతి: అందుకునేవాళ్ల గొంతు పడ్డాకే తర్వాతి చరణం కడుతుంది ఆమె, అక్కడికక్కడే. నిర్వాహకులేమో మూడు నిమిషాల్లో ముగించమంటారు, ఉయ్యాలో పాట కాస్త వేడెక్కడానికే అంతసేపు పడుతుంది కదా! చివరికి ఒక శాలువా, గ్రూప్ ఫొటో, పోస్టర్ మీద "మహిళా బృందం". వెనక కీబోర్డు వాయించిన అబ్బాయికి మాత్రం పేరుంది.

ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఇది కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలతో ఊళ్లను కదిలిస్తే, ఆ పోరాటంలోని ఆడవాళ్లు తమ కథ తాము చెప్పుకున్న పుస్తకం రావడానికి 1986 దాకా పట్టింది, అదీ స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం పూనుకుంటే. భువనగిరి గాయని బెల్లి లలిత పాడుతోందని భయపడ్డవాళ్లు ఉన్నారు, 1999లో ఆమెను చంపేశారు. ఆడవాళ్ల పాట అంటే మనకు ఇంకా పండగ పూట టైంపాసేనా?

ఇక వరి నాట్ల పాటకు డీజే బీటు తగిలించి తన పేరేసుకునే యూట్యూబ్ బాబులకు ఒక మాట. పాట కట్టిందెవరో తెలియకపోవచ్చు, కానీ పాడిన మనిషికి కాపీరైట్ చట్టంలో హక్కుంది, 2012 సవరణ తర్వాత వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ కూడా ఇవ్వాలి. "ఫోక్ కదా, అందరిదీ" అంటే కుదరదు. అందరిదైతే డబ్బులు నీ ఒక్కడికే ఎందుకొస్తున్నాయి?

ఈ బతుకమ్మకు మా వాళ్లను పిలవాలనుకునేవాళ్లు ఫోన్లో ముందే చెప్పండి: ఎన్ని మైకులు, ఎంతసేపు, ఒక్కొక్కరికి ఎంత, ఎవరి ఖాతాలో వేస్తారు. "ఎక్స్‌పోజర్ వస్తది మేడం" అనేవాళ్లు నాకు ఫోన్ చేయకండి, కూలి వదులుకుని ఎవరూ ఊరికే రారు.